డెల్టా తేమలో కాక్టస్ మొక్కలు కుళ్ళకుండా
కడియం నర్సరీల నుంచి కాక్టస్, సక్యులెంట్ (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే) మొక్కలను తెచ్చుకునేవారు ముందుగా కుండీలోని మట్టిని మార్చడం మంచిది. గోదావరి డెల్టాలోని ఒండ్రు నేల వరికి వరమే గాని, నీటిని పట్టి ఉంచే ఆ జిగట మట్టిలోనూ, తడి ఆరని కొబ్బరి పొట్టులోనూ ఈ మొక్కల వేర్లు గాలి ఆడక కుళ్ళిపోతాయి. ముతక ఇసుక, శనగగింజంత ఇటుక ముక్కలు కలిపి రెండు పాళ్ళు, బాగా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు చొప్పున తీసుకుని, అడుగున రంధ్రమున్న మట్టికుండీలో నాటిన తరువాత, వేర్లకు తగిలిన గాయాలు మానేందుకు వారం రోజుల వరకు నీరు పోయకూడదు. సముద్రపు ఇసుకను మాత్రం, ఎంత చేరువలో దొరికినా, అందులోని ఉప్పు కారణంగా వాడవద్దు. జూన్ నుంచి నవంబరు తుపానుల దాకా కుండీలను వాన పడని, వెలుతురు ధారాళంగా వచ్చే చోట ఉంచి, మట్టి అడుగు వరకు ఆరిందని పుల్ల గుచ్చి చూసుకున్నాకే నీరు పోయాలి.

మొక్కల పెంపకందార్ల క్లబ్బు ప్రదర్శనకు పెట్టదలచిన మొక్కను కొన్ని నెలల ముందు నుంచే వారానికోసారి పావు వంతు తిప్పుతూ ఉంటే, అది వెలుతురు వైపు ఒరిగిపోకుండా తీరుగా పెరుగుతుంది. ముళ్ళ మధ్య దుమ్మును మెత్తని కుంచెతో తుడవాలి. ఆకులకు నూనె పూసి మెరిపించడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే కొన్ని సక్యులెంట్లకు సహజంగా ఉండే బూడిదరంగు పూత దానితో చెరిగిపోతుంది, ముదిరిన ఆకు మీద ఆ పూత మళ్ళీ సరిగా రాదు.