రిఫ్లెక్టెన్స్ గ్రాఫ్ చూస్తూ లేజర్ పొరలు పెంచడం

ఎపీ ల్యాబ్‌కి, అంటే వేఫర్ అనే పల్చని సెమీకండక్టర్ బిళ్ల మీద స్ఫటిక పొరలు పెంచే చోటికి, కొత్తగా వచ్చినవాళ్లు ముందు గ్యాస్ ఫ్లోల మీద పడతారు. నా వరస వేరు: ముందు ఉష్ణోగ్రత, తర్వాత గ్రోత్ రేటు, ఆ రెండూ కుదిరాకే కంపోజిషన్ (పొరలో ఏ మూలకం ఎంత అన్నది). ఇక్కడ చెప్పేది ఎంఓసీవీడీ రియాక్టర్‌లో (వేడి వేఫర్ మీదకి గ్యాస్‌లు పంపి పొరలు పెంచే యంత్రంలో) పెంచే 850 నానోమీటర్ల విక్సెల్ లేజర్ గురించి. ఇది కిందా పైనా పొరల అద్దాలుండి, వేఫర్‌కి నిలువుగా కాంతినిచ్చే రకం. దాని అద్దాల్లో ఒక్కో పొర మందం, ఆ పొరలో కాంతి తరంగదైర్ఘ్యానికి పావు వంతు ఉండాలి. పొరలన్నీ ఒక శాతం మందమెక్కితే లేజర్ సుమారు 8 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది.

థర్మోకపుల్ (తాకి వేడి కొలిచే తీగ) చూపే అంకె వేఫర్ పైభాగం వేడి కాదు. అల్యూమినియం పూసిన సిలికాన్ వేఫర్ పెట్టి మెల్లగా వేడి చేయండి. 577 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవి కలిసి కరుగుతాయి, రిఫ్లెక్టెన్స్ (పడిన కాంతిలో తిరిగొచ్చే వంతు) చటుక్కున మారుతుంది. అప్పుడు పైరోమీటర్ (వెలువడే కాంతిని బట్టి దూరం నుంచి వేడి కొలిచేది) ఎంత చూపుతోందో రాసుకుని, తేడా సరిచేయండి.

అద్దం పొరలు పెరుగుతున్నప్పుడు మామూలు పైరోమీటర్ రీడింగ్ ఊగుతుంది. అక్కడ మారేది వేడి కాదు, ఎమిసివిటీ, అంటే ఆ వేడికి ఉపరితలం ఎంత బాగా కాంతిని వెలువరిస్తుందన్నది. ఆ సిగ్నల్‌ని హీటర్ కంట్రోల్‌కి ఇచ్చారంటే లేని ఊగిసలాటను నిజం చేసినట్టే. అందుకే అదే తరంగదైర్ఘ్యంలో రిఫ్లెక్టెన్స్ కూడా కొలిచే పైరోమీటర్ కావాలి. కాంతి దాటిపోని వేఫర్ అయితే ఒకటిలోంచి రిఫ్లెక్టెన్స్ తీసేస్తే వచ్చేదే ఎమిసివిటీ.

గ్రోత్ రేటు కోసం గాలియం ఆర్సెనైడ్ వేఫర్ మీద అల్యూమినియం ఆర్సెనైడ్ మందంగా పెంచండి. పొర మందమెక్కేకొద్దీ దాని పై, కింది అంచుల నుంచి వచ్చే కాంతి కలిసి రిఫ్లెక్టెన్స్ గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఊగుతుంది. గాలియం ఆర్సెనైడ్ మీద గాలియం ఆర్సెనైడే పెంచితే గీత చదునుగా ఉంటుంది, ఏమీ తెలియదు. 950 నానోమీటర్ల కాంతితో చూస్తూ, వక్రీభవన గుణకం 3 అనుకుంటే, శిఖరం నుంచి శిఖరానికి పెరిగే మందం 950 బై 6 (గుణకానికి రెట్టింపు), అంటే సుమారు 158 నానోమీటర్లు. అందుకు 300 సెకన్లు పడితే రేటు సెకనుకు 0.53 నానోమీటర్లు. ఆ గుణకం మాత్రం గ్రోత్ ఉష్ణోగ్రత దగ్గరిదే అయ్యుండాలి. గది ఉష్ణోగ్రత పట్టికలోది వేస్తే లెక్క అక్కడే తప్పుతుంది. చివర్లో గాలియం ఆర్సెనైడ్ పల్చగా కప్పండి, లేదంటే గాలి తగిలి పై పొర పాడవుతుంది.

శిఖరాల ఎత్తు చూసి కంగారు పడకండి. రియాక్టర్ కిటికీ గాజుకి పూత పట్టినా సిగ్నల్ మొత్తం తగ్గుతుంది, కానీ శిఖరాల మధ్య సమయం మారదు. నేను నమ్మేది ఆ సమయాన్నే. అది రన్ రన్‌కీ కొద్దికొద్దిగా సాగుతుంటే బబ్లర్ (లోహ సోర్స్ ఆవిరిని గ్యాస్‌తో మోసుకొచ్చే సీసా) ఉష్ణోగ్రత, ప్రెషర్, లోపల మిగిలిన సోర్స్ చూడండి.

రన్ మధ్యలో, కింది అద్దం పూర్తయ్యేసరికి రేటు తేడా కనిపిస్తే మిగతా పొరల సమయం సరిచేయండి, ఫ్లో ముట్టుకోవద్దు. అల్యూమినియం, గాలియం రెండూ ఉన్న పొరలో ఒక్క గాలియం ఫ్లో మార్చినా కంపోజిషన్ కదులుతుంది. అప్పుడు గుణకం మారుతుంది, మందం లెక్కా మారుతుంది. ఒక టెన్షన్ పోయి మూడు వస్తాయి. ఫ్లో మార్పులు తర్వాతి కాలిబ్రేషన్ రన్‌లో చూసుకోవచ్చు.

వేడిగా ఉన్నప్పుడు తీసిన స్పెక్ట్రమ్‌లో కావిటీ డిప్ (రెండు అద్దాల మధ్య లేజర్ తరంగదైర్ఘ్యాన్ని చూపే పల్లం) 850 నానోమీటర్ల కంటే బాగా పైన కనిపిస్తుంది. అది తప్పు కాదు. చల్లారేకొద్దీ గుణకం తగ్గి, డిప్ చిన్న తరంగదైర్ఘ్యం వైపు దిగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ మార్పు డిగ్రీకి సుమారు 0.06 నానోమీటర్లు.