కరీబియన్‌లో గోల లేని దీవికి ఫ్యామిలీతో వెళ్ళాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి

కరీబియన్ ట్రిప్ అనగానే అందరూ ముందు రిసార్ట్ ఫోటోలు చూడ్డం మొదలుపెడతారు, ప్లాన్ దారి తప్పేది అక్కడే. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, కొబ్బరి చెట్టు, ఏ దీవి ఫోటో చూసినా అవే ఉంటాయి కదా. ముందు తేల్చుకోవాల్సింది ఏంటంటే ఈ దీవిలో ఇంత తక్కువ మంది ఎందుకున్నారు అని. డైరెక్ట్ ఫ్లైట్ లేకా, పెద్ద క్రూజ్ షిప్పులు ఆగే రేవు లేకా, హోటళ్ళు తక్కువా, లేదంటే మీరు చూస్తున్నది తుఫాన్ల నెలా? ఆ కారణం తెలిస్తే మీకు రాబోయే ఇబ్బంది ఏంటో కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ ప్రశాంతత, ఆ ఇబ్బంది రెండూ ఒకచోట నుంచే వస్తాయి. పిల్లలు, పెద్దవాళ్ళు ఇద్దరూ వస్తున్నారంటే ఏ ఇబ్బంది పర్లేదు, ఏది మన వల్ల కాదు అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే టికెట్ల జోలికి వెళ్ళండి.

నెల సంగతి ముందు చూద్దాం. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, అందులో ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మరీ ఎక్కువ. సెప్టెంబర్‌లో రేట్లు సగానికి పడిపోయాయని సంబరపడకండి, చాలా చిన్న హోటళ్ళు ఆ నెలల్లో తాళం వేసి రిపేర్లు చేసుకుంటాయి, తెరిచి ఉన్నచోట కూడా రెస్టారెంట్లు సగం మూసే ఉంటాయి. సీజన్ మొదట్లో ఏం కాదులే అనుకోడానికీ లేదు, 2024లో బెరిల్ అనే హరికేన్ జూలై 1నే గ్రెనడా దేశంలోని కారియాకూ అనే చిన్న దీవి మీద కేటగిరీ 4 (ఐదు స్థాయిల్లో నాలుగోది) బలంతో పడి ఊళ్ళకి ఊళ్ళే దెబ్బతిన్నాయి. స్కూల్ సెలవుల వల్ల ఈ హరికేన్ నెలల్లో తప్ప కుదరదు అంటే వెనెజులా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, బొనేర్, క్యురాసావ్ చూడండి, ఆ మూడు దీవులూ తుఫాన్లు మామూలుగా వెళ్ళే దారికి బాగా దక్షిణంగా ఉంటాయి. పూర్తిగా రావు అని కాదు, తక్కువ. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం టికెట్ కొన్న వారంలోనే తీసేసుకోండి, తుఫానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుఫానుకి పనికిరాదు.

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం బాగుంటుంది, రేట్లు కూడా అలాగే ఉంటాయి, క్రిస్మస్ వారం అయితే చెప్పక్కర్లేదు. నా లెక్కలో ఏప్రిల్ చివరి వారాలు, మే, ఇంకా డిసెంబర్ మొదటి రెండు వారాలు ఫ్యామిలీకి బెస్ట్.

ఇప్పుడు చాలామంది అస్సలు పట్టించుకోని విషయం, దీవికి ఏ వైపు ఉంటున్నారు అనేది. అక్కడ గాలి దాదాపు ఏడాదంతా తూర్పు నుంచి వీస్తుంది, దాంతో తూర్పు ఒడ్డుకి అట్లాంటిక్ అలలు నేరుగా వచ్చి కొడతాయి, పడమటి ఒడ్డున దీవే అడ్డు కాబట్టి నీళ్ళు చెరువులా ఉంటాయి. బార్బడోస్‌లోనే చూడండి, తూర్పున బాత్‌షీబా దగ్గర రాళ్ళు, అలలు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి, సర్ఫింగ్ చేసేవాళ్ళకి స్వర్గం, కానీ లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి కాబట్టి అక్కడ పిల్లల్ని నీళ్ళలోకి దింపకూడదు, అదే దీవిలో పడమటి వైపు హోల్‌టౌన్ దగ్గర నాలుగేళ్ళ పిల్ల కూడా మోకాలి లోతులో హాయిగా ఆడుకోవచ్చు. అందుకే రిసార్ట్ పేరు మ్యాప్‌లో కొట్టి బీచ్ ఎటు తిరిగి ఉందో చూడండి. చలికాలంలో అయితే ఇంకో మెలిక ఉంది, ఉత్తర అట్లాంటిక్‌లో తుఫాన్లు లేచినప్పుడు వాటి అలలు ఉత్తరం వైపు బీచ్‌లకి వచ్చి కొడతాయి, అప్పుడు ఎప్పుడూ నెమ్మదిగా ఉండే బీచ్‌లో కూడా ఒకట్రెండు రోజులు దిగలేరు. పడమర, నైరుతి వైపు తిరిగిన బీచ్ అయితే ఎక్కువ రోజులు నిశ్చింత.

ఈ వైపు గొడవకి ఇంకో కారణం సర్గాసమ్. గోధుమరంగు సముద్రపు నాచు, 2011 నుంచి అట్లాంటిక్‌లో పెద్ద ఎత్తున పెరిగి కరీబియన్ ఒడ్డులకి కొట్టుకొస్తోంది, మార్చి నుంచి ఆగస్టు దాకా ఎక్కువ. గుట్టలుగా పడి కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చి కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఊపిరి ఆడటం కష్టం అవుతుంది. ఎక్కువగా తూర్పు, దక్షిణ ఒడ్డులకే చేరుతుంది. సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ళు శాటిలైట్ ఫోటోలు చూసి నెలనెలా పరిస్థితి ప్రకటిస్తారు, అది చదవండి, అలాగే రిసార్ట్‌కి మెయిల్ పెట్టి ఈ వారం తీసిన బీచ్ ఫోటో ఒకటి పంపమని అడగండి. మొహమాటం అక్కర్లేదు, మంచి రిసార్ట్ వాళ్ళు వెంటనే పంపిస్తారు, పంపకుండా మాటలు తిప్పుతున్నారంటే మీకు అర్థమైపోతుంది.

ఇక దీవులు. అన్నీ చెప్పలేను, ఫ్యామిలీకి నేను ముందు సూచించేవి చెప్తాను. ఆంగ్విల్లా చదునుగా పొడుగ్గా ఉండే బ్రిటిష్ దీవి, మీడ్స్ బే, రెండెవూ బే, షోల్ బే లాంటి బీచ్‌లు, గోల ఉండదు, కానీ ఖరీదు బాగా ఎక్కువ. చాలామంది పక్కనున్న సింట్ మార్టెన్ దీవి ఎయిర్‌పోర్ట్‌లో దిగి అక్కణ్ణుంచి పడవలో వెళ్తారు, ఒక అరగంట ప్రయాణం. నెవిస్ చిన్న దీవి, మధ్యలో 985 మీటర్ల కొండ, పడమటి ఒడ్డున పిన్నీస్ బీచ్, సెయింట్ కిట్స్‌లో దిగి ఫెర్రీ ఎక్కాలి. బెక్వియా సెయింట్ విన్సెంట్ నుంచి గంట ఫెర్రీ, రిసార్టుల కంటే చిన్న గెస్ట్‌హౌసులు ఎక్కువ, ప్రిన్సెస్ మార్గరెట్ బీచ్ దగ్గర నీళ్ళు చాలా నెమ్మది. బొనేర్‌లో ఇసుక బీచ్‌లు తక్కువ, కానీ ఒడ్డు నుంచి నాలుగు అడుగులు వేస్తే పగడపు దిబ్బలు, మాస్క్ పెట్టుకుంటే చేపలే చేపలు, 1979 నుంచి చుట్టూ సముద్రం అంతా రక్షిత ప్రాంతం, పదేళ్ళు దాటిన పిల్లలుంటే దీనికి మించింది లేదు. మరీ చిన్నపిల్లలైతే అదే దీవిలో లాక్ బే, చాలా దూరం దాకా నడుం లోతే.

టొబాగో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు దాన్ని తక్కువ చూస్తారు. ట్రినిడాడ్ అండ్ టొబాగో దేశంలో ఇది చిన్న దీవి, ట్రినిడాడ్‌లో ఉన్న రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి చిన్న ఫ్లైట్‌లో అరగంట లోపే. పిజియన్ పాయింట్ నుంచి పడవ ఎక్కితే బక్కూ రీఫ్ అనే పగడపు దిబ్బ, పక్కనే నైలాన్ పూల్ అని సముద్రం మధ్యలో ఇసుక మీద నడుం లోతు నీళ్ళు, అక్కడ నిలబడి చుట్టూ చూస్తే ఒడ్డు ఎక్కడో దూరంగా కనిపిస్తుంది, పిల్లలు ఆ వింత చాలాకాలం చెప్పుకుంటారు. వెజిటేరియన్లకి కూడా సుఖం, 1845 నుంచి మన దేశం నుంచి కూలీలుగా వెళ్ళినవాళ్ళ వారసులు ఆ దేశంలో లక్షల్లో ఉన్నారు కాబట్టి దాల్‌పూరి, రోటీ, శనగల కూర పెట్టిన చిన్న రొట్టెలు, వాటినే డబుల్స్ అంటారు, దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త, ట్రినిడాడ్ మీదుగా వచ్చి 6 రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళని ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారు, టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, 60 దాటినవాళ్ళు, పసిపిల్లలు ఉంటే డాక్టర్‌ని అడిగాకే.

వీసా దగ్గర తప్పుతారు చాలామంది. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి బార్బడోస్, గ్రెనడా, సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, సెయింట్ విన్సెంట్, ట్రినిడాడ్ అండ్ టొబాగో లాంటి దేశాలు టూరిస్ట్ వీసా అడగవు, రూల్స్ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఆ దేశం ఇమ్మిగ్రేషన్ సైట్‌లో చూసుకోవాలి. అసలు సమస్య దారిలో ఉంటుంది. అమెరికా మీదుగా వెళ్తే ఎయిర్‌పోర్ట్ దాటకపోయినా అమెరికా వీసా కావాలి, లండన్ మీదుగా అయితే బ్రిటన్ ట్రాన్సిట్ రూల్స్, ఆంగ్విల్లాకి వెళ్ళాలంటే మధ్యలో దిగే సింట్ మార్టెన్ రూల్స్ కూడా వర్తిస్తాయి. అందుకని దారిలో కాలు పెట్టే ప్రతి చోటు కాగితం మీద రాసుకుని ఒక్కోదానికి, ఇంట్లో ఒక్కొక్కరి పాస్‌పోర్ట్‌కి చూడండి. అమెరికాలో హెచ్‌వన్‌బీ మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోయినవాళ్ళు ఇంకా జాగ్రత్త, ఆ పాత స్టాంప్‌తోనే కెనడా, మెక్సికోలకి చిన్న ట్రిప్ వెళ్ళొచ్చే వెసులుబాటు హెచ్ వీసావాళ్ళకి ఈ దీవులకి లేదు.

ప్రయాణం రోజు ఎలా ఉంటుందో గంటగంటకీ రాసుకోండి. పెద్ద ఫ్లైట్, తర్వాత చిన్న ఫ్లైట్ లేదా పడవ, తర్వాత టాక్సీ. చిన్న విమానాల్లో లగేజీ తక్కువే ఒప్పుకుంటారు, సూట్‌కేస్ ఒక్కోసారి తర్వాతి ఫ్లైట్‌లో వస్తుంది, కాబట్టి అందరి మందులు, ఒక జత బట్టలు, స్విమ్ డ్రెస్సులు చేతి బ్యాగులోనే. పెద్ద ఫ్లైట్ మధ్యాహ్నం మూడు తర్వాత దిగుతుంటే అదే రోజు దీవి దాకా లాగకండి, దిగినచోటే ఒక రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్తే పెద్దవాళ్ళకి కాళ్ళు వాయవు, పిల్లలు ఏడవరు.

రిసార్ట్ రేటు చూసేటప్పుడు పన్ను, సర్వీస్ ఛార్జీ కలిపిందా లేదా అని అడగండి, చాలా దీవుల్లో ఆ రెండూ కలిపి 20 శాతం దాటుతాయి. ఫ్రిజ్, చిన్న స్టవ్ ఉన్న రూమ్ దొరికితే ఇంకేం ఆలోచించకండి. దీవుల్లో సరుకులన్నీ ఓడల్లో రావాలి కాబట్టి తిండి ఖరీదు, పైగా చిన్న దీవిలో రాత్రి తొమ్మిదికే వంటగది కట్టేస్తారు, పెరుగన్నం కలుపుకునే వీలుంటే ఇంటిల్లిపాదికీ నిశ్చింత. వెజ్ తినేవాళ్ళు రాస్తఫారీ మతం వాళ్ళు చేసే ఇటల్ వంట ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి, మాంసం ముట్టని పద్ధతి అది. రైస్ అండ్ పీస్ అనే గింజలన్నం వెజ్ అనుకుని తినేయకండి, కొన్నిచోట్ల ఉప్పుమాంసం వేసి వండుతారు, అడిగి తినాలి.

డబ్బు విషయం సులువే. ఆంగ్విల్లా, నెవిస్, బెక్వియా, గ్రెనడా అన్నిట్లో ఈస్ట్ కరీబియన్ డాలర్, 1976 నుంచి ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 దగ్గర కట్టేసి ఉంది. బార్బడోస్‌లో ఒకటికి రెండు, బొనేర్‌లో అమెరికన్ డాలరే నడుస్తుంది. టాక్సీ వాళ్ళు రేటు చెప్పగానే ఏ డాలర్ అని అడిగి అప్పుడు ఎక్కండి, ఈస్ట్ కరీబియన్ డాలర్‌తో అయితే తేడా రెండున్నర రెట్లు పైనే. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి.

పిల్లల కోసం మూడు సంగతులు గట్టిగా చెప్తున్నా. ఒకటి, మాంచినీల్ చెట్టు. బీచ్ పక్కనే ఉంటుంది, చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు, తియ్యటి వాసన, కానీ కాయ, పాలు, ఆకు అన్నీ విషమే, నోరంతా బొబ్బలెక్కుతుంది, వాన పడుతున్నప్పుడు దాని కింద నిలబడినా కారే నీళ్ళకి ఒళ్ళు కాలినట్టవుతుంది. చాలాచోట్ల మొదలుకి ఎర్ర రంగు పట్టీ వేస్తారు, అన్నిచోట్లా కాదు. దిగిన మొదటి రోజే హోటల్ వాళ్ళని అడిగి పిల్లలకి ఆ చెట్టు చూపించండి. రెండు, మిలిటరీ ప్రింట్ బట్టలు. బార్బడోస్, గ్రెనడా, సెయింట్ విన్సెంట్, ట్రినిడాడ్ లాంటి చాలా దేశాల్లో మామూలు జనం అవి వేసుకోవడం నేరం, పిల్లలకీ వర్తిస్తుంది, ఆ నిక్కర్లు, టోపీలు, బ్యాగులు ఇంట్లోనే పెట్టేయండి. మూడు, సన్‌స్క్రీన్. ఆక్సీబెంజోన్ ఉన్నవి పగడాలకి హాని అని అరూబా, బొనేర్, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో నిషేధం, జింక్ ఆక్సైడ్ రకం ముందే కొనుక్కోండి, దీవిలో ధర మండిపోతుంది. సాయంత్రం ఇసుక దగ్గర కంటికి కనపడని చిన్న పురుగులు కుడతాయి, ఆ టైముకి ఫుల్ ప్యాంట్లు వేస్తే చాలు.

అక్కడి జనం దగ్గర ఒక మర్యాద ఉంది, కొట్లోకైనా బస్సులోకైనా వెళ్ళగానే ముందు గుడ్ మార్నింగ్ అనో గుడ్ ఆఫ్టర్‌నూన్ అనో చెప్పాలి, పలకరించకుండా ఇది ఎంత అని అడిగితే నొచ్చుకుంటారు. పిల్లలకి నేర్పించండి, దీవిలో సగం పనులు దాంతోనే అయిపోతాయి. స్విమ్ డ్రెస్‌తో ఊళ్ళోకి వెళ్ళకూడదు, పైన ఏదో ఒకటి వేసుకోవాలి.

బుకింగ్ వరస అయితే ఇలా పెట్టుకోండి. ముందు దీవి, నెల, తర్వాత వీసాలు, తర్వాత ఫ్లైట్లు, వాటితోపాటే ఇన్సూరెన్స్, రిసార్ట్ ఆఖర్న, అదీ క్యాన్సిల్ చేసుకునే వీలున్న రేటుకే, పది డాలర్లు ఎక్కువైనా సరే. బయల్దేరే ముందు వారం ఫెర్రీ టైములు మళ్ళీ కనుక్కోండి, ఆదివారాలు, పండగ రోజుల్లో పడవలు తక్కువ, షాపులు కూడా మూసేస్తారు కాబట్టి శనివారమే పాలు, నీళ్ళు, పళ్ళు తెచ్చిపెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో కూడా పెద్ద ఫ్లైట్‌కి ముందు రాత్రే మెయిన్ దీవికి వచ్చి పడుకోండి, సముద్రం పోటుగా ఉండి పొద్దున ఫెర్రీ ఆపేస్తే ఫ్లైట్ మీకోసం ఆగదు.