బయోమెడికల్ ఇంజనీర్ కావాలంటే ఎలా? కాలేజీ కంటే ముందు ఆస్పత్రి చూడండి

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో కాస్త పెద్ద ఆస్పత్రికి వెళ్తే ఏదో ఒక మూల చిన్న గది కనిపిస్తుంది. బల్ల మీద విప్పేసిన సిరంజి పంపు, పాత బ్యాటరీలు, మల్టీమీటరు. తలుపు మీద ‘బయోమెడికల్’ అని రాసి ఉంటుంది. ఆస్పత్రి మెషిన్లు చూసుకునే, బాగుచేసే ఇంజనీర్ల గది అది. ఈ కోర్సులో చేరాలనుకునే పిల్లలు ఫీజులు, ర్యాంకులు వాకబు చేయకముందే ఆ గదిలో ఓ పూట కూర్చోవాలంటాను.

1. ఏ పని కావాలో తేల్చుకోండి

ఆస్పత్రిలో ఉండి మెషిన్లు చూసుకోవడం ఒకటి. కంపెనీ తరఫున ఊరూరా తిరుగుతూ బిగించి, రిపేరు చేసే ఫీల్డ్ సర్వీస్ ఇంకొకటి. కొత్త పరికరాలు డిజైన్ చేయడం మూడోది. అందరూ మూడోదాని కోసమే చేరతారు కానీ, చాలామందికి మొదటి ఉద్యోగం ముందు రెండింట్లోనే దొరుకుతుంది.

2. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఎంట్రన్సు

బైపీసీ వాళ్లను కొన్నిచోట్ల తీసుకుంటారు కానీ, లెక్కలు మాత్రం కావాల్సిందే. ఏపీ ఈఏపీసెట్ రాయండి. గుంటూరు దగ్గర వడ్లమూడి విజ్ఞాన్‌లో బయోమెడికల్ బీటెక్ ఉంది. జేఈఈ దారిలో ఐఐటీ హైదరాబాద్, ఎన్ఐటీ రవుర్కెలా ఉన్నాయి. సీటు రాలేదని టెన్షన్ పడక్కర్లేదు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) చదివి తర్వాత ఎంటెక్‌కి ఇటు మళ్లవచ్చు. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపరే ఉంది. నన్నడిగితే, ల్యాబ్ సరిగా లేని బయోమెడికల్ కంటే మంచి ఈసీఈ నయం.

3. సర్క్యూటూ, శరీరమూ రెండూ చదవండి

వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటర్‌నే చూడండి. అందులో 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతాయి. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండింటినీ వేర్వేరుగా పీల్చుకుంటాయి. ఆ తేడా నుంచే రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్క కడుతుంది. రోగి చెయ్యి చల్లబడి రక్తప్రసరణ తగ్గినా, గోళ్లకు ముదురు రంగున్నా రీడింగ్ తప్పవచ్చు. ఇది తెలియకపోతే బాగున్న మెషిన్‌నే విప్పుతారు.

నేనూ అలాగే పొరబడ్డాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఐసీయూ నుంచి ఫోను, మానిటర్‌లో ఈసీజీ గీత వణుకుతోందని. కేబుల్ మార్చాను, ప్లగ్గు మార్చాను, అరగంట చెమటలు పట్టాయి. సిస్టర్ వచ్చి ఛాతీ మీద ఎండిపోయిన ఎలక్ట్రోడ్ స్టిక్కర్లు పీకేసి, చర్మం తుడిచి కొత్తవి అంటించింది. గీత చక్కబడింది. అప్పటినుంచి స్క్రూడ్రైవర్ తీసేముందు సిస్టర్‌నే అడుగుతాను: “ఏమైందమ్మా, ఎప్పటినుంచి?”

4. సెలవుల్లో ఇంటర్న్‌షిప్

రెండో ఏడాది సెలవుల నుంచే కాలేజీ లెటర్ పట్టుకుని తిరగండి. ఒకచోట కాదంటే ఇంకోచోట. చేరాక ఫొటోలతో సరిపెట్టకుండా పని అడగండి. ఉదాహరణకు ఇన్ఫ్యూజన్ పంపుని (మందును నరంలోకి కొలతగా ఎక్కించే మెషిన్) గంటకు 60 మిల్లీలీటర్లకు పెట్టి, గొట్టం కొసని కొలజాడీలో వదిలితే పది నిమిషాలకు 10 మిల్లీలీటర్లు రావాలి. పన్నెండు వచ్చిందంటే రోగికి మందు ఎక్కువ పోతున్నట్టే. ఆ అంకె తేదీతో సహా రిజిస్టర్‌లో రాయడం కూడా పనే. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

తయారీ వైపు ఆసక్తి ఉంటే విశాఖలోని మెడ్‌టెక్ జోన్ చూసి రండి. పరికరాలు తయారుచేసే యూనిట్లు, పరీక్షించే ల్యాబులు ఒకేచోట ఉంటాయి.

5. ఉద్యోగం

ఇంటర్వ్యూకి వెళ్లేముందు 2017 మెడికల్ డివైసెస్ రూల్స్‌లో పరికరాలను ప్రమాదాన్ని బట్టి విడదీసిన ఎ, బి, సి, డి తరగతులేమిటో చదివి వెళ్లండి. ఎక్స్‌రే, సీటీలకు అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు కావాలన్న సంగతీ తెలిసుండాలి. జీతం మాట్లాడేటప్పుడు మొహమాటపడకుండా ఇంకో మాట కూడా అడగండి: రాత్రి రెండింటికి వెంటిలేటర్ మొరాయిస్తే ఫోను ఎవరికొస్తుంది, వాళ్లెంతమంది?