పాత కారు స్టీరింగ్, సస్పెన్షన్ – పాఠం 3: లూజు ఎక్కడుందో పట్టుకోవడం, టై రాడ్ ఎండ్ మార్చడం

పోయిన పాఠంలో ముందు టైర్లను చేత్తో అడ్డంగా నిమిరి చూసి రాసుకోమన్నాను కదా. ఒకవైపు నుంచి నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే రంపంపళ్లలా తగిలిందని రాసుకున్నవాళ్లకి ఈ పాఠం బాగా పనికొస్తుంది. అలా తగిలిందంటే టో తప్పినట్టు, అంటే రెండు చక్రాలూ సమాంతరంగా లేక ముందువైపు కాస్త దగ్గరగానో ఎడంగానో పోతున్నట్టు. పాత కారులో దీనికి నేను మొదట అనుమానించేది టై రాడ్ ఎండ్‌నే.

అదేంటో తెలియనివాళ్లకి: స్టీరింగ్ తిప్పితే రాక్ (అడ్డంగా ఉండే పళ్ల కడ్డీ) అటూ ఇటూ జరుగుతుంది, ఆ కదలికను చక్రం దాకా తీసుకెళ్లే కడ్డీ టై రాడ్, దాని చివర చక్రం వైపు ఉండే కీలు టై రాడ్ ఎండ్. గిన్నెలో గుండు కూర్చున్నట్టు ఉంటుంది, మన భుజం కీలు లాగా. లోపల గ్రీజు, పైన రబ్బరు బూటు. ముందు బూటు చినుగుతుంది, తర్వాత నీళ్లూ మట్టీ లోపలికి పోతాయి, ఆ తర్వాత కీలు అరుగుతుంది. అందుకని బూటు చినిగి కనబడితే ఇంకా లూజు రాలేదు కదా అని వదిలేయకండి, వస్తుంది.

కొనే ముందు ఒక మాట. నా మొదటి కారులో ముందు ఎడమవైపు గతుకుల మీద టకటకమని శబ్దం వచ్చేది. ఆ మూల నుంచే వస్తోంది కాబట్టి షాక్ అబ్జార్బరే అని తీర్మానించేసి రెండువైపులా కొత్తవి వేశాను, రోజంతా పట్టింది, మర్నాడు బండి తీస్తే అదే టకటక. చివరికి తేలిందేమిటంటే స్టెబిలైజర్ లింకు, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న లింకు, రెండు నట్లు విప్పితే ఊడొచ్చే ముక్క, దాన్ని సరిగ్గా ఆ షాక్‌కే బిగించి ఉంటారు. ఇనుము వెంట శబ్దం పాకుతుంది, అందుకే నేనిప్పుడు చెవికి వినబడినదాన్ని వేలితో తాకి చూసేదాకా ఏదీ కొనను.

పరీక్ష రెండు భాగాలు. మొదటిది కారు నేలమీద ఉండగానే. ఇంజిన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, సాయానికొచ్చిన మనిషిని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపమనండి. చక్రాలు తిరగక్కర్లేదు, నేల వాటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి బలమంతా కీళ్ల మీద పడుతుంది. మీరు టై రాడ్ ఎండ్ మీద వేళ్లు ఆనించి ఉంచండి. కడ్డీ ముందు కదిలి, చక్రం వైపున్న స్టీరింగ్ ఆర్మ్ (కడ్డీ లాగితే చక్రాన్ని తిప్పే ఇనుప చెయ్యి) కాస్త ఆలస్యంగా కదిలితే, వేలికి టిక్ మని తగిలితే, దొరికిపోయినట్టే. రాక్ దగ్గరుండే లోపలి కీలు కూడా ఇలాగే, కాకపోతే దాని మీది పొడవాటి రబ్బరు తొడుగును నొక్కిపట్టి చూడాలి.

రెండోది చక్రం లేపి. వెనక చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, జాకీతో లేపాక స్టాండు మీద దింపండి. జాకీ ఒక్కదాని మీదున్న కారు కింద తల పెట్టొద్దు, అర నిమిషం పనైనా సరే. ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి: లూజు ఉంటే బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్ ఆర్మ్‌కి కలిపే గుండు కీలు), వీల్ బేరింగో. పక్కల పట్టుకుని ఊపండి: లూజు ఉంటే టై రాడ్ కీలో, మళ్లీ ఆ బేరింగో. బేరింగ్ సంగతి తేల్చడానికి బ్రేక్ తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. లూజు మాయమైతే అది బేరింగే, ఎందుకంటే బ్రేక్ డిస్క్‌ని నకిల్‌తో (బేరింగ్‌నీ చక్రాన్నీ మోసే ఇనుప దిమ్మ) కలిపి బిగపట్టేస్తుంది. బ్రేక్ తొక్కినా లూజు ఉంటే కీలు.

బాగా పాత కార్లలో స్ప్రింగ్ కింది ఆర్మ్ (లోయర్ ఆర్మ్, నకిల్‌ని కారు ఒంటికి కింద కలిపే చెయ్యి) మీద కూర్చుని ఉంటుంది. వాటిలో చక్రం గాల్లో వేలాడుతుంటే స్ప్రింగ్ బలానికి కీలు బిగుసుకుని, అరిగిపోయిన బాల్ జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. జాకీని కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి లేపితేనే నిజం బయటపడుతుంది.

ఇక మార్చడం. ముందురోజు సాయంత్రమే మరలకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మొదట వదులు చేయాల్సింది టై రాడ్ మీదున్న లాక్ నట్టు, పావు చుట్టు చాలు. కీలు ఊడదీశాక విప్పబోతే కడ్డీ అంతా మీతో పాటు తిరుగుతుంది. లాక్ నట్టు ఆగినచోట మర మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి. తర్వాత కీలు నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్ లాగేసి, కీలు నట్టు విప్పండి, కానీ పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచండి.

అసలు తంటా ఇక్కడ. కీలు కాడ కొసవైపు సన్నబడుతూ నకిల్ రంధ్రంలో చీలలా బిగుసుకుని ఉంటుంది. అందరూ కాడ కొసని సుత్తితో కొడతారు, మర చెడుతుంది తప్ప ఊడదు. కొట్టాల్సింది రంధ్రం చుట్టూ ఉన్న నకిల్ ఇనుముని, పక్క నుంచి, ఎదురుగా ఇంకో బరువైన సుత్తి ఆనించి. రెండు మూడు గట్టి దెబ్బలకి టప్పుమని జారుతుంది, ఉంచిన నట్టు దాన్ని పూర్తిగా ఊడిపోకుండా ఆపుతుంది. పుల్లర్ (కాడని నొక్కి బయటికి తోసే పరికరం) ఉంటే ఇంకా నయం. రెండు కొమ్ముల ఫోర్క్ వాడితే బూటు చినిగిపోతుంది, పారేసే ముక్కయితేనే వాడండి.

చుట్లు లెక్కపెడుతూ పాతది విప్పి, అన్నే చుట్లు కొత్తది ఎక్కించండి. కొన్ని కార్లలో ఒకవైపు ఎడమ మర (తిరగేసి తిప్పాల్సింది) ఉంటుంది, బలం పెట్టే ముందు చూసుకోండి. కాడకి, రంధ్రానికి గ్రీజు పూయొద్దు, తుడిచి పొడిగా కూర్చోబెట్టాలి. నట్టు బిగింపు మీ కారు మాన్యువల్‌లో ఉన్నంత. పిన్ను రంధ్రం సరిపోకపోతే తర్వాతి గాడి దాకా ఇంకాస్త బిగించండి, వెనక్కి వదులు చేసి సరిపెట్టడం మాత్రం వద్దు. పిన్ను కొత్తదే వేయాలి.

అన్నే చుట్లు ఎక్కించాను కదా, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు యంత్రం మీద సరిచేయించడం) ఎందుకు అని అడుగుతారు. లెక్క వేద్దాం. మర పిచ్ (ఒక్క చుట్టుకి జరిగే దూరం) 1.5 మి.మీ., స్టీరింగ్ ఆర్మ్ పొడవు 130 మి.మీ., టైరు వ్యాసం 600 మి.మీ. అనుకోండి. ఒక్క చుట్టు తేడాకి టైరు దగ్గర వచ్చే తేడా 1.5 × 600 ÷ 130, అంటే దాదాపు 7 మి.మీ. ఉండాల్సిన టో చాలా కార్లలో రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు. పైగా కొత్త ముక్క పాతదానికంటే ఒక మిల్లీమీటరు పొడవున్నా లెక్క మారిపోతుంది. కాబట్టి చుట్ల లెక్క అలైన్‌మెంట్ యంత్రం దాకా నెమ్మదిగా నడుపుకుని వెళ్లడానికే.

వెళ్లేలోపు టేపుతో ఒకసారి చూసుకోండి. రెండు ముందు టైర్ల నడిమధ్య, ముందువైపు, ఇరుసు ఎత్తులో సుద్దతో గుర్తులు పెట్టి మధ్య దూరం కొలవండి. కారుని ముందుకు నెట్టి ఆ గుర్తులే వెనకవైపు అదే ఎత్తుకి వచ్చాక మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడాయే టో.

పాత ముక్కని పారేయకుండా బూటు కోసి లోపల గ్రీజు రంగు చూడండి. ఎర్రమట్టి నీళ్లలా తుప్పు రంగులో ఉంటే నీళ్లు చేరాయన్నమాట, రెండోవైపు బూటుని కూడా ఈ వారమే వంచి వంచి పగుళ్లు వెతకండి, ఏం కనబడిందో రాసుకోండి. వచ్చే పాఠం లోయర్ ఆర్మ్ బుష్‌లు, వాటి బోల్టుల్ని కారు గాల్లో ఉండగా ఎందుకు బిగించకూడదో అక్కడ చూద్దాం.