పిల్లల సీజన్ టికెట్, ఫ్యామిలీ స్టాండ్: చిక్కులు, కారణాలు, పరిష్కారాలు

ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బు సీజన్ టికెట్ తీసుకుంటే, సొంత స్టేడియంలో జరిగే 19 లీగ్ మ్యాచ్‌లకూ ఒకే సీటు మన పేరు మీద ఉంటుంది. కప్ మ్యాచ్‌లు చాలా క్లబ్బుల్లో ఇందులో కలవవు. పెద్దవారి టికెట్‌తో ఇబ్బందులు తక్కువ. పిల్లల టికెట్ మాత్రం ఒకేసారి మూడింటికి ముడిపడి ఉంటుంది: క్లబ్బు ఖాతాలో నమోదైన పేరు, అక్కడ రాసిన పుట్టిన తేదీ, ఆ వయసువారిని అనుమతించే సీట్ల విభాగం. గేటు దగ్గర ఆపేసినా, రెన్యూవల్ ధర చూసి గుండె గుభేలుమన్నా, అసలు కారణం సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో నెలల క్రితమే చేరి ఉంటుంది. వయోపరిమితులు, గడువు తేదీలు క్లబ్బు క్లబ్బుకూ మారతాయి కాబట్టి ఇక్కడ వాటి వెనుక ఉన్న పద్ధతిని మాత్రమే వివరిస్తున్నాను. మీ క్లబ్బు ఆ సీజన్‌కు ప్రకటించిన నిబంధనలదే తుది మాట.

సమస్య: పెద్దవారికి, పిల్లలకు పక్కపక్క సీట్లు రావడం లేదు

తండ్రి పేరు మీద సీటు ఎంచుకోగలుగుతారు, కూతురి పేరు మాత్రం జాబితాలో కనిపించదు. చాలాసార్లు ఇది సీట్ల కొరత వల్ల కాదు. క్లబ్బు లెక్కలో పిల్లలు కూడా విడి సభ్యులే; ఆరేళ్ల పాపకైనా సొంత సపోర్టర్ నంబరు, చాలా చోట్ల సొంత మెంబర్‌షిప్ ఉండాలి, ఆ ఖాతాను పెద్దవారి ఖాతాకు జతచేసి ఉంచాలి. జతచేయని ఖాతాకు టికెట్ కేటాయించడానికి సిస్టమ్ ఒప్పుకోదు. అమ్మకాలు మొదలయ్యే ఉదయం ఈ పని పెట్టుకుంటే క్యూలో వంతు పోతుంది, కనుక కొన్ని రోజుల ముందే జతచేసి, రెండు ఖాతాల్లోనూ లాగిన్ అయి సరిచూసుకోవాలి.

మన కుటుంబాలకు ఇక్కడ మరో చిక్కు ఎదురవుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల తండ్రి ఖాతాలో ఒక వరుస, పాస్‌పోర్టులో మరో వరుస, పిల్లల ఖాతాలో పొడి అక్షరాలతో మూడో వరుస నమోదవుతుంటాయి. వయసు రుజువు అడిగిన రోజున పేర్లు కలవకపోతే పిల్లలకు ఇచ్చే రాయితీ అక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, పొడి అక్షరాలు విప్పి రాయడం మేలు. అమెరికాలో కొన్నేళ్లు ఉండి వచ్చినవారు పుట్టిన తేదీలో నెలను ముందు రాస్తారు. మార్చి 5 కాస్తా మే 3 అయిపోయి, రుజువు పత్రంతో సరిపోలకుండా పోతుంది.

వెయిటింగ్ లిస్టు ఉన్న క్లబ్బుల్లో జాగ్రత్త ఇంకా ముందే మొదలవ్వాలి. పెద్దవారు మాత్రమే లిస్టులో చేరి, పిల్లవాడిని రెండేళ్ల తర్వాత చేర్చితే, వంతులు కూడా అలాగే వేర్వేరు కాలాల్లో వస్తాయి. అందుకే అందరూ ఒకే రోజున చేరడం మంచిది. ఇప్పటికే వేర్వేరుగా చేరి ఉంటే, ఫ్యామిలీ స్టాండ్‌కు (పిల్లలతో వచ్చేవారికి కేటాయించిన సీట్ల భాగం) ప్రత్యేక లిస్టు ఉందేమో టికెట్ ఆఫీసును అడగాలి.

సమస్య: టర్న్‌స్టైల్ (టికెట్ స్కాన్ చేసే తిరుగుడు గేటు) దగ్గర స్టూవర్డ్ (స్టేడియం సిబ్బంది) ఆపేశారు

రాయితీ టికెట్ స్కాన్ అయినప్పుడు చాలా స్టేడియాల్లో వేరే రంగు లైటు వెలుగుతుంది. లోపలికి వచ్చే మనిషి వయసు ఆ లైటుకు తగినట్టు లేకపోతే స్టూవర్డ్ ఆపుతారు. మోసం లేకపోయినా ఇలా జరగవచ్చు: రెండు పాసులూ తండ్రి ఫోన్‌లోనే ఉంటాయి, హడావుడిలో కొడుకు పాసును తన కోసం స్కాన్ చేస్తారు. పిల్లవాడిని ముందు పంపి, అతని పాసు పేరు తెరమీద చూసి స్కాన్ చేస్తే ఈ గొడవ ఉండదు. ఫోన్ లేని పిల్లలకు ప్లాస్టిక్ కార్డు ఇచ్చే క్లబ్బులు ఉన్నాయి. ముందుగా అడిగితే సరిపోతుంది.

పిల్లవాడికి జ్వరం వచ్చిందని అతని టికెట్ మీద బాబాయి వస్తే మాత్రం సంగతి వేరు. ఆ ఒక్క మ్యాచ్‌కు ధరలోని తేడా చెల్లించి టికెట్‌ను పెద్దవారి స్థాయికి మార్పించుకోవాలి. దీనికి చాలా క్లబ్బులు మ్యాచ్‌కు ముందే గడువు పెడతాయి. గేటు దగ్గర నిలబడి బతిమాలితే పని జరగదు, పైగా టికెట్ నిలిపివేసే హక్కు నిబంధనల్లో క్లబ్బుకు ఉంటుంది.

సమస్య: ఒళ్లో కూర్చునే పసిబిడ్డకూ టికెట్ అడిగారు

విమానంలో, రైల్లో చెల్లే లెక్క స్టేడియంలో చెల్లదు. 1975 నాటి క్రీడా మైదానాల భద్రతా చట్టం కింద స్టేడియానికి భద్రతా సర్టిఫికెట్ ఉంటుంది, అందులో లోపల ఉండదగిన జనం సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఆ లెక్కలో పసిబిడ్డ కూడా ఒక మనిషే. కాబట్టి ఉచితంగానో, నామమాత్రపు ధరకో టికెట్ ఉందేమో కనుక్కోవాలి. కొన్ని క్లబ్బులు మరీ చిన్న పిల్లలను అసలు అనుమతించవు.

సమస్య: సీటు ఎంచుకుంటే పిల్లల ధర కనిపించడం లేదు

ముందుగా చూడవలసింది సీట్ల విభాగం. చాలా క్లబ్బులు పిల్లల రాయితీని స్టేడియమంతటా ఇవ్వవు. మధ్య గీతకు ఎదురుగా ఉన్న ఖరీదైన సీట్లను, భోజనం వంటి సదుపాయాలతో అమ్మే హాస్పిటాలిటీ సీట్లను మినహాయిస్తాయి. మ్యాప్‌లో మరో బ్లాకుకు మారితే ధర తగ్గిందంటే కారణం తెలిసినట్టే. ఎక్కడా తగ్గకపోతే ఖాతాలో పుట్టిన తేదీ ఖాళీగా ఉందేమో చూడాలి.

ఇవి రెండూ కాకపోతే క్లబ్బు విధానమే మారి ఉండవచ్చు. 2024-25 సీజన్‌కు ముందు వెస్ట్‌హామ్ కొత్త రాయితీ సీజన్ టికెట్లను కొన్ని చవక విభాగాలకే పరిమితం చేసింది. అభిమానులు గట్టిగా నిరసించారు, తర్వాతి సీజన్‌కు క్లబ్బు ఆ రాయితీలను తిరిగి తెచ్చింది. 2024 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మిగిలిన సీజన్‌లో సభ్యులకు అమ్మే విడి టికెట్ల ధరను 66 పౌండ్లు చేసి, పిల్లలకు, వృద్ధులకు కూడా అదే ధర అంది. పిల్లలు రాని స్టాండ్ 20 ఏళ్ల తర్వాత ఎవరితో నిండుతుందో ఈ నిర్ణయాలు తీసుకునేవారు ఆలోచించినట్టు నాకు అనిపించదు. ఇలాంటి సందర్భంలో టికెట్ ఆఫీసు ఉద్యోగి చేయగలిగింది ఏమీ లేదు. 2023-24 నుంచి ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నిటికీ తప్పనిసరి అయిన అభిమానుల సలహా మండలికి రాయడమే సరైన దారి.

సమస్య: పిల్లవాడు పెరిగాడు, ఫ్యామిలీ స్టాండ్‌లో సీటు పోయింది

అన్నిటికంటే ఎక్కువ మనస్తాపం కలిగించేది ఇదే, పైగా దీనికి పూర్తి పరిష్కారం లేదు. 1980లలో వాట్‌ఫర్డ్ వంటి క్లబ్బులు, గొడవలకు దూరంగా పిల్లలతో కూర్చోవడానికి స్టాండ్‌లో ప్రత్యేక భాగం కేటాయించిన నాటి నుంచి, ఆ చోటు పిల్లల కోసమే. అక్కడ పెద్దవారి హక్కు తోడు వచ్చిన పిల్లవాడి నుంచి వస్తుంది. ఒక పిల్లవాడికి ఎంతమంది పెద్దలు ఉండవచ్చో కూడా నియమం ఉంటుంది. పిల్లవాడు వయోపరిమితి దాటగానే తండ్రి సీటు కూడా అర్హత కోల్పోతుంది. అతనికి పడే రాయితీ ధర అదే ఏడాది పోవడంతో రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి.

ముందుగా తెలుసుకోవలసింది క్లబ్బు వయసును ఏ తేదీన లెక్కిస్తుందన్నది. సీజన్ మొదట్లో ఒక నిర్ణీత తేదీ నాటి వయసే సాధారణంగా ఆ సీజన్ అంతటికీ వర్తిస్తుంది. ఆ తేదీకి ముందు రోజు పుట్టినవాడు పై ధరలోకి వెళ్తాడు, మర్నాడు పుట్టినవాడు ఇంకో ఏడాది పాత ధరలోనే ఉంటాడు. ఇందులో అన్యాయం ఉన్నట్టు తోచినా, ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. జూనియర్ తర్వాత యంగ్ అడల్ట్ ధర ఉన్న క్లబ్బుల్లో పిల్లవాడి ఖాతా దానికదే ఆ ధరలోకి మారిందో లేదో చూసుకోవాలి. మారకపోతే రుజువు పంపి మార్పించాలి.

సీటు విషయంలో, గడువు ముగిసే వరకు ఆగకుండా చివరి అర్హత ఏడాదిలోనే సీటు మార్పు కోరాలి. రెన్యూవల్ ముగిశాక, వదిలేసిన సీట్లను పాత సభ్యులకు ముందుగా చూపించే రోజులు చాలా క్లబ్బుల్లో ఉంటాయి. రెండు సీట్లు పక్కపక్కన కావాలంటే పొద్దున్నే లాగిన్ అవ్వడం తప్ప కిటుకు లేదు. ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే, వారి పేరు మీద అదే చోట కొనసాగనిస్తారేమో రాతపూర్వకంగా అడగండి. సీజన్ టికెట్ పేరు మార్పును క్లబ్బులు సులభంగా ఒప్పుకోవు.

సమస్య: ముందున్నవారు నిలబడటంతో పిల్లలకు ఆట కనిపించడం లేదు

1989లో హిల్స్‌బరో స్టేడియంలో నిలబడే భాగంలో జనం నలిగి చనిపోయిన దుర్ఘటన, దానిపై విచారణగా వచ్చిన టేలర్ నివేదిక తర్వాత పెద్ద స్టేడియాలన్నీ సీట్లతో నిండాయి. అయినా గోల్ వెనుక భాగాల్లో నిలబడే అలవాటు పోలేదు. 2022-23 నుంచి రెయిలింగులు ఉన్న విభాగాల్లో నిలబడటానికి అధికారిక అనుమతి కూడా వచ్చింది. అలాంటి బ్లాకులో సీటు తీసుకుని ముందువారిని కూర్చోమంటే ఫలితం ఉండదు. స్టూవర్డ్‌ను అడిగితే ఆ పూటకు మరో చోటు చూపించవచ్చు, కానీ శాశ్వతంగా కావాలంటే బ్లాకు మారాలి. ఫ్యామిలీ స్టాండ్ ముందు వరుసల్లో పైకప్పు అందక తడిసే అవకాశం ఉంటుంది. కొంచెం పైవరుసలు చూసుకోండి.

శబ్దానికి తట్టుకోలేని, ఆటిజం ఉన్న పిల్లల కోసం గాజు తలుపుల వెనుక ప్రశాంతంగా చూసే సెన్సరీ గదులు ఇప్పుడు చాలా స్టేడియాల్లో ఉన్నాయి. సండర్లాండ్ క్లబ్బు 2015లోనే మొదలుపెట్టింది. వీటికి క్లబ్బులోని వైకల్య సహాయ విభాగానికి రాయాలి. తోడుగా వచ్చేవారికి ఉచిత టికెట్ ఉందా అని కూడా అక్కడే అడగండి.

సమస్య: మ్యాచ్ సోమవారం రాత్రికి మారింది, మర్నాడు బడి

టీవీ కోసం తేదీ మారితే సీజన్ టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వరు. ఆఫీసులో ఎవరికో అమ్మేద్దామని తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం వద్దు. 1994 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 166వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం నేరం. అసలు ధరకే అమ్మినా అంతే. క్లబ్బు సొంత టికెట్ ఎక్స్చేంజ్‌లో పెడితే, అది అమ్ముడుపోయినప్పుడు మీరు కట్టిన దానిలో ఆ మ్యాచ్ వాటా ఖాతాలోకి వస్తుంది. పిల్లల టికెట్ కాబట్టి ఆ వాటా చిన్నదే, అయినా కనీస హాజరు నియమం ఉన్న క్లబ్బుల్లో ఇలా పెట్టిన మ్యాచ్‌ను హాజరుగా లెక్కిస్తారేమో చూసుకుని, గడువు దాటకముందే పెట్టండి.