తొలకరికి ముందు గ్రూపు లోను తీసుకుంటున్నారా?

జూన్ వచ్చిందంటే విత్తనాలు, బడి ఫీజులు, నోటుపుస్తకాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆడవాళ్లను గ్రూపుగా చేర్చి లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీ దగ్గర లోను తీసుకోవడం తప్పేమీ కాదు, తాకట్టు లేకుండా కూలి మనిషికి ముప్పై వేలు ఇంకెవరిస్తారు? కాకపోతే వేలిముద్ర వేసే ముందే కొన్ని చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు కిస్తీ లెక్క. నాట్ల రోజుల కూలి చూసుకుని "కట్టేస్తాంలే" అనుకుంటారు చాలామంది. నాట్లయ్యాక మళ్లీ కలుపుకు పిలిచేదాకా పని ఉండదు. ముసురు పట్టిందంటే వారమంతా ఇంట్లోనే. పంట డబ్బు దసరా దాటితే గానీ చేతికి రాదు. కిస్తీ మాత్రం ఆగదు. అందుకే పోయిన ఏడాది వానాకాలంలో బాగా ఇబ్బంది పడ్డ నెల ఏదో గుర్తు తెచ్చుకోండి. బియ్యం, నూనె, మందులు పోను ఆ నెలలో ఎంత మిగిలిందో అంతే మీరు కట్టగల కిస్తీ. ఇంట్లో అందరి అప్పుల కిస్తీలన్నీ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022 నిబంధన. నన్నడిగితే కూలి ఇంటికి సగం కూడా ఎక్కువే.

"నూటికి రెండే" అంటే వెంటనే తలూపకండి. పది వేలు తీసుకుని 12 నెలల్లో 12,400 కట్టారనుకుందాం. నెలకు 1,033 చొప్పున కడుతుంటే అసలు తగ్గుతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం చివరిదాకా పది వేల మీదే వేస్తారు. సరిగ్గా లెక్క కడితే పడింది నూటికి మూడున్నర! ఇలాంటి ఫ్లాట్ వడ్డీనా, తగ్గే అసలు మీదా అని అడగండి. చార్జీలన్నీ కలిపి ఏడాది వడ్డీ ఎంతో రాసిన కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం కంపెనీ బాధ్యత. బీమా లాంటివి మీరు ఒప్పుకుంటేనే కలపాలి.

మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే ముందు అక్కడే అడగండి. సంఘానికి బ్యాంకు ఇచ్చే లోను 3 లక్షల దాకా ఏడాదికి 7 శాతమే, అంటే నూటికి నెలకు అరవై పైసల లోపు. ఆలస్యమవుతుంది, నిజమే. అందుకే మే నెలలోనే కదలాలి.

"నీ పేరు మీద తీసివ్వు వదినా, కిస్తీ నేను కట్టుకుంటా" అని ఎవరైనా అడిగితే మొహమాటపడొద్దు. ఆమె కట్టకపోతే బాకీ పడేది మీ ఆధార్ మీదే. పాత కిస్తీ కట్టడానికి కొత్త లోను అసలే వద్దు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నో ఇళ్లు కూలింది ఇలాగే. ఆ ఏడాది అక్టోబరులో ఈ కంపెనీలను కట్టడి చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది కాబట్టి ఇప్పుడు పట్టుకోవాల్సింది రిజర్వు బ్యాంకు నిబంధనలనే.

వాటి ప్రకారం పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. తిట్టకూడదు, చుట్టాలను, ఇరుగుపొరుగును వేధించకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. వీటిలో ఏది తప్పినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా తేల్చకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, వివరాలకు 14448కి ఫోన్ చేయండి. లోను కార్డులో ప్రతి కిస్తీకీ రాత పడేలా చూసుకుని, ఆ కార్డును మీ దగ్గరే ఉంచుకోండి.