తక్కువ జీతంలో నెల గడపడం – 4వ పాఠం: ఇరవై ఎనిమిది తర్వాత వచ్చే రోజులు

ఈసారి కరెంటు బిల్లు గురించి చెబుతానన్నాను. అది వాయిదా. పోయిన పాఠంలో చెప్పిన కవర్ల పద్ధతి మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది నెల చివర్లో బోర్లాపడ్డారు, నాకు మెసేజీలు పెట్టారు. కొందరు మర్యాదగా, కొందరు కోపంగా. మా విశాఖలోనే పెందుర్తి నుంచి ఒక చెల్లెలు పంపిన వాయిస్ మెసేజ్ అన్నిటికంటే సూటిగా ఉంది: "ఏటక్కా, నాలుగు కవర్లూ అయిపోనాయి గానీ నెల అవ్వలేదు."

అది విన్నాక నా పాఠం నేనే తీసి చదువుకున్నాను. తప్పు నాదే. "ఇంటి ఖర్చుకి మిగిలిన డబ్బుని నాలుగు వారాలకి నాలుగు కవర్లలో పెట్టుకోండి" అని రాశాను. నెలకి నాలుగు వారాలే ఎక్కడున్నాయి? ఒక్క ఫిబ్రవరికి ఉన్నాయి, అదీ లీపు సంవత్సరం కాకపోతే. మా ఇంట్లో నేను చేసేది వేరు. రాసేటప్పుడు తేలిగ్గా అర్థమవుతుందని నాలుగు అని పడేశాను. పూర్ణా మార్కెట్లో ఒక హార్డ్‌వేర్ కొట్లో పదకొండేళ్లు లెక్కలు రాసినదాన్ని, ఇలాంటి తప్పు రాసినందుకు సిగ్గుగానే ఉంది.

ఆదాయం ఎంత, అద్దె ఎంత, కట్టాల్సినవి ఏమిటి అన్నది ఇప్పటికి మీ దగ్గర రాసి ఉంటుంది. అది మళ్లీ చెప్పను. రేషన్ 15వ తేదీలోపు తెచ్చుకోవాలని కూడా చెప్పను. ఈ పాఠమంతా ఆ "నాలుగు" మీదే.

మొన్న చూపించిన ఇంటినే తీసుకుందాం. కంచరపాలెంలో రెండు గదులు, నలుగురు మనుషులు, నెలకి 18,000. అద్దె, కరెంటు, ఫోన్లు, చీటీ, అత్తగారి మందులు, పిల్ల స్కూలు ఆటో, గ్యాస్ అన్నీ పక్కన పెట్టాక తిండికీ పై ఖర్చులకీ మిగిలింది 7,260. నాలుగు కవర్లలో పెడితే ఒక్కోదానిలో 1,815. అంటే రోజుకి 259 రూపాయలు. చూడ్డానికి బాగుంది. కానీ నాలుగు కవర్లు 28 రోజులకే. 30 రోజుల నెలయితే రెండు రోజులు, 31 అయితే మూడు రోజులు మీ దగ్గర కవరే లేదు.

"రెండు రోజులే కదా అక్కా, ఎలాగోలా సర్దుకుంటాం" అన్నవాళ్లు ముగ్గురున్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

సర్దుకోవడం అంటే ఏమిటి? వీధి చివర కొట్లో ఖాతా రాయించడం. మొదటి నెల రెండు రోజులకి 518 రూపాయల అరువు. రెండో నెల జీతం రాగానే ముందు అది తీరుస్తారు, మంచి మనుషులు కదా. మిగిలింది 6,742. రోజుకి 259 అలవాటైపోయింది కాబట్టి అది 26 రోజులు వస్తుంది. ఆ నెలకి 31 రోజులు. ఇప్పుడు ఐదు రోజులు ఖాతా, 1,296 అరువు. మూడో నెల చేతిలో 5,964. అది 23 రోజులకి చాలు. ఏడు రోజులు ఖాతా. ఈ మూడు నెలల్లో మీరు కొత్త చీర కొనలేదు, బిరియానీ తినలేదు, ఎవరి పెళ్లికీ వెళ్లలేదు. ఒక్క రూపాయి దుబారా లేదు. అయినా నాలుగో నెలకి ఆ కొట్టు ముందు నుంచి నడవలేక పక్క సందులోంచి తిరిగి వెళ్తారు.

ఇదే ఏడాదికి చూడండి. 12 నెలలకి 28 చొప్పున 336 రోజులు. ఏడాదికి 365. తేడా 29 రోజులు. దాదాపు ఒక నెల తిండికి మనం డబ్బే కేటాయించలేదు. రోజుకి 259 లెక్కన 7,500 పైమాటే. ఈ 7,500 ఎక్కడికి పోయిందో తెలియక ఇంట్లో గొడవలు. ఆయన సిగరెట్లని ఈవిడ, ఈవిడ పుట్టింటికి పంపిందని ఆయన. పోయింది క్యాలెండర్లోకి.

ఈ సంగతి మనకంటే ఫోను కంపెనీలకి బాగా తెలుసు. 28 రోజుల రీచార్జి చేయిస్తారు, మనం దాన్ని నెల రీచార్జి అంటాం. లెక్కపెడితే ఏడాదికి 12 కాదు, 13 సార్లు కడుతున్నాం. 2022లో టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ చెప్పాక ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్లాన్ ఒకటి కనీసం పెట్టాలి. అవి యాప్‌లో వెంటనే కంటపడవు, వెతకాలి. అన్నిసార్లూ చవగ్గా ఉండవు కూడా. రీచార్జి ధరని రోజులతో భాగించి చూసుకోండి. మా ఇంట్లో అత్తగారి ఫోనుకి తేదీ ప్లానే వేస్తాను, ఆవిడ రీచార్జి ఏ రోజు అయిపోతుందోనని గుర్తుపెట్టుకునే టెన్షన్ నాకొద్దు.

నాలుగు కవర్ల లోటు కొట్టతని దగ్గర ఆగితే అదృష్టం. కొందరు రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్తారు. 10,000 అని రాసి చేతికి 9,000 ఇస్తారు, రోజుకి 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "నూటికి పదే కదా" అంటారు. కాదు. రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ చేతిలో ఉన్నది 4,500 చుట్టూ మాత్రమే. దానికి వెయ్యి వడ్డీ. నూటికి నెలకి 6 రూపాయలు దాటింది. రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే మేనమామని మాత్రం మనం జలగ అంటాం.

సరే, మందు చెబుతాను. కవర్లు పారేయకండి, వేరే పనికి వస్తాయి. కానీ డబ్బుని వారాలతో భాగించడం మానేయండి. రోజులతో భాగించండి. ఎన్ని రోజులతో? 30 కాదు, 31 కూడా కాదు. నేను 33తో భాగిస్తాను.

ఎందుకంటే గాజువాకలో కాంట్రాక్టు పని చేసే ఒక తమ్ముడు రాశాడు, తన జీతం 7న రావాలి, ఒక నెల 7, ఒక నెల 9, ఒకసారి 12 అయింది. మనలాంటి వాళ్ల నెల ఒకటో తేదీకి మొదలవదు. జీతం పడిన రోజు మొదలవుతుంది, మళ్లీ పడిన రోజు ముగుస్తుంది. అది ఎప్పుడో మన చేతిలో లేదు. అందుకని 31కి ఆలస్యం రెండు రోజులు కలిపి 33. 7,260ని 33తో భాగిస్తే సరిగ్గా 220. రోజుకి 259 కాదు, 220. ఆ 39 రూపాయలు తగ్గించుకోవడం కష్టమే, కాదనను. మా ఇంట్లో సాయంత్రం పకోడీలు దీనివల్లే ఆగాయి.

జీతం వేళకి వస్తే రెండు మూడు రోజుల డబ్బు మిగులుతుంది. అది పాత పౌడరు డబ్బాలో వేస్తాను. నోట్లుగా, చిన్న నోట్లుగా. "ఫోన్లో ఉంటే సరిపోదా" అని మా పాప అడుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పాప ఇంకా ఎత్తుకునే పిల్ల. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎం లేదు. బ్యాంకులో డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ పాల ప్యాకెట్ కోసం ఒకే వరసలో నిలబడ్డారు. అప్పుడు మా ఇంట్లో 340 రూపాయల చిల్లర ఉంది. ఆ డబ్బా అప్పటి నుంచే.

ఇక అసలు విద్య. రోజుకి 220 అని రాసుకుని కూర్చుంటే చాలదు, ఎవరూ ప్రతిరోజూ 220 ఖర్చు పెట్టరు. ఒకరోజు 90 అవుతుంది, ఆదివారం 450 అవుతుంది. కాబట్టి రోజూ రాత్రి ఒక్క భాగహారం చేయాలి: మిగిలిన డబ్బుని మిగిలిన రోజులతో. ఖర్చులన్నీ రాయక్కర్లేదు. ఉప్పుకి ఎంత, పప్పుకి ఎంత అని రాసేవాళ్లని నేను చూశాను, పదో రోజుకి పుస్తకం మానేస్తారు.

తొమ్మిది రోజులు గడిచాయి. ఇంటికి చుట్టాలొచ్చారు, చేతిలో 4,800 ఉంది. మిగిలినవి 24 రోజులు. 4,800ని 24తో భాగిస్తే 200. అంటే రేపటి నుంచి మీ అంకె 220 కాదు, 200. చుట్టాలు ఖర్చు పెట్టించింది 480 అయినా మీకు పడిన దెబ్బ రోజుకి 20 రూపాయలే. తోటకూరతో సరి. ఇరవయ్యో రోజు రాత్రి చేతిలో 2,210, మిగిలినవి 13 రోజులు. అంకె 170. ఇది చూస్తే గుండె గుభేలుమంటుంది. అనాలి కూడా. కవర్ల పద్ధతిలో ఈ గుభేలు 28వ రోజున వచ్చేది, అప్పటికి చేయడానికేమీ ఉండదు. ఇప్పుడింకా 13 రోజులున్నాయి.

మా ఇంట్లో 150 గీత. అంకె దానికి దిగితే బయట టీ, కోడి, ఆటో బంద్. మీ గీత మీరు పెట్టుకోండి, కానీ జీతం పడిన రోజే పెట్టుకోండి, దిగాక కాదు.

గ్యాస్ గురించి అడిగారు. సిలిండర్ నెల వస్తువు కాదు. మాకు 45 రోజులు వస్తుంది. 900 అనుకుంటే రోజుకి 20. రాష్ట్ర ప్రభుత్వ పథకం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం వచ్చే ఇళ్లలో ఇంకా తక్కువ పడుతుంది. అయితే ముందు మనం కట్టాలి, తర్వాత మన బ్యాంకు ఖాతాలో తిరిగి పడుతుంది. కట్టేటప్పుడు గ్యాస్ డబ్బు కాబట్టి తిరిగొచ్చినప్పుడు కూడా అది గ్యాస్ డబ్బే. ఖాతాలో పడిందన్న మెసేజ్ చూసి బిరియానీ ఆర్డర్ పెట్టిన ఇల్లొకటి నాకు తెలుసు. మాదే.

ఎంవీపీ కాలనీలో మూడిళ్లలో వంట చేసే ఒక అక్క పరిస్థితి వేరు. ఒక ఇల్లు 1న ఇస్తుంది, ఒకటి 5న, మూడోది 10 దాటాక. నెల ఎప్పుడు మొదలైనట్టు? నా సలహా: చివరగా వచ్చే జీతం నుంచి లెక్క మొదలుపెట్టండి. మొదటి రెండిళ్ల డబ్బు వచ్చినా ముట్టుకోకుండా మూడో ఇంటి డబ్బు వచ్చేదాకా ఆగాలి. మొదటి నెల నరకంలా ఉంటుంది. ఆ ఒక్క నెలకి చీటీ నడిపేవాళ్లని బతిమాలుకోండి, ఖాతా మాత్రం రాయించకండి.

టిఫిన్ బండి, ఆటో లాంటి రోజు సంపాదన ఉన్నవాళ్లకి ఈ పాఠం ఇలాగే పనికిరాదు. పెట్టుబడి, లాభం వేరు చేయడం ముందు నేర్చుకోవాలి. మీకోసం విడిగా రాస్తాను.

ఒక విషయం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ బస్సు ఉచితం కదా, రైతు బజారుకి దూరమైనా వెళ్లొచ్చు అని చాలామంది రాశారు. నిజమే. నేను సాయంత్రం ఆలస్యంగా వెళ్తాను, కూరలు కాస్త వాడినా ధర దిగుతుంది. కానీ టికెట్ లేదు కదా అని జగదాంబ దాకా వెళ్లి, 300 పెట్టి నైటీ కొనుక్కొచ్చింది కూడా నేనే. ఆ రోజు అంకె ఒక్కసారిగా 14 రూపాయలు పడింది.

చేపలు తినేవాళ్లకి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, హార్బర్‌లో పడవలు కదలవు, ధర ఎక్కుతుంది. నేను మార్చిలోనే ఎండు నెత్తళ్లు కొని డబ్బాలో పెడతాను. మా ఆయనకి వంజరం కావాలి. వంజరం కావాలంటే ఆ రాత్రి భాగహారం ఆయన చేత చేయిస్తాను.

అభ్యాసం. గోడ క్యాలెండర్ ఒకటి తీసుకోండి, కొట్టువాళ్లు ఇచ్చేది చాలు. జీతం పడిన రోజు నుంచి 33 గళ్లు. ప్రతి రాత్రీ అన్నాలయ్యాక ఇంట్లో ఉన్న డబ్బు, ఫోన్లో ఉన్న డబ్బు కలిపి లెక్కపెట్టి, మిగిలిన రోజులతో భాగించి, వచ్చిన ఒక్క అంకె ఆ గడిలో రాయాలి. 33 రాత్రులు, జ్వరమొచ్చినా సరే. భాగహారం ఇంట్లో ఇద్దరికైనా రావాలి, ఒకరు ఊరెళ్తే ఇంకొకరు రాయాలి. మరిచిపోయిన రోజు గడి ఖాళీగా వదిలేయండి, మర్నాడు ఊహించి నింపకండి.

అయ్యాక ఫొటో తీసి పంపండి. కొట్టివేతలు, పసుపు మరకలు, ఖాళీ గళ్లు ఉన్నా పర్వాలేదు. ఒకే పెన్నుతో, ఒకే రాతతో 33 గళ్లూ నిండి ఉంటే మాత్రం ఒక్క పూటలో కూర్చుని నింపారని నాకు తెలిసిపోతుంది. కొట్లో గుమస్తాలు నాకు చూపించిన స్టాకు పుస్తకాలు కూడా అలాగే ఉండేవి.